సర్పంచ్ గారి డిజిటల్ కీ ఆవిడ చేతికే ఇప్పించండి

పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి.

మాది కోనసీమలో సముద్రానికి దగ్గరగా, కాలవ చివర్న ఉన్న ఊరు. పద్దెనిమిదేళ్ళుగా డ్వాక్రా సంఘం పుస్తకాలు రాస్తున్నాను. ఏ పార్టీ తరఫునా ఈ ఉత్తరం రాయడం లేదు.

2021 ఫిబ్రవరిలో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో మా ఊరికి ఒక ఆడమనిషి సర్పంచ్‌గా గెలిచారు. నాకు వరసకి వదిన అవుతారు. ఆ రోజు సంఘం ఆడవాళ్ళం అందరం బొట్టు పెట్టి, హారతిచ్చి ఇంట్లోకి తీసుకెళ్ళాం. మర్నాటి నుంచి ఊళ్ళో "ప్రెసిడెంటు గారు" అంటే మాత్రం అందరూ చూసింది మా అన్నయ్య వైపు, అంటే ఆవిడ భర్త వైపు. ఆయన చెడ్డవాడని చెప్పడం లేదు. ఎవరికి కష్టమొచ్చినా ముందుండే మనిషే. కానీ మేం ఓటేసింది ఆయనకి కాదండి.

మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది సంతకం గురించి. ఇదివరకటి రోజుల్లో పంచాయతీ కాగితం మీద సర్పంచ్ చేవ్రాలు ఉండాల్సిందే. ఆ సర్పంచ్ ఆడమనిషైతే, ఆవిడ పశువుల పాకలో ఉన్నా పాక దగ్గరికే కాగితాలు వచ్చేవి. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, "ఏంటయ్యా ఇది, ఎంతకి?" అని ఒక్క మాటైనా అడిగేది. చదవకుండా పెట్టిన సంతకాలు బోలెడు ఉండొచ్చు. అయినా కాగితం ఆవిడ గుమ్మం దాకా రాక తప్పేది కాదు.

ఇప్పుడు బిల్లులు కంప్యూటర్‌లో వెళ్తున్నాయి. సర్పంచ్ పేరున ఒక డిజిటల్ కీ ఇస్తారు, చిటికెన వేలంత ఉంటుంది. అది గుచ్చి పాస్‌వర్డ్ కొడితే సంతకం అయిపోయినట్టే. ఆ కీ మా అన్నయ్య చొక్కా జేబులో ఉండేది. ఆయన లేనప్పుడు కంప్యూటర్ చూసే కుర్రాడి సొరుగులో ఉండేది. ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు కూడా అన్నయ్యదే. మా వదిన పేరు మీద ఎన్ని బిల్లులు పాసయ్యాయో మా వదినకే తెలీదు. మోసాలు జరక్కూడదని తెచ్చిన పద్ధతి మంచిదే, కానీ దానివల్ల కాగితం ఆవిడ గుమ్మం దాకా రావడం కూడా ఆగిపోయింది.

ఒక వేసవిలో జరిగింది చెప్తాను. మా వైపు నేలలో నీళ్ళు ఉప్పన. బోరు వేసినా తాగడానికి పనికిరావు. ఎండాకాలం కాలవలు కట్టేసే లోపు మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి, మళ్ళీ కాలవకు నీళ్ళొదిలే దాకా ఊరంతా ఆ నీళ్ళే తాగాలి. ఆ ఏడు కాలవ కట్టడానికి వారం ఉందనగా మా అన్నయ్యకు డెంగీ వచ్చి ఆసుపత్రిలో పెట్టారు. చెరువు చూస్తే సగం కూడా నిండలేదు. తూముకి వచ్చే బోదెలో గుర్రపుడెక్క మేటేసి నీళ్ళు కదలడం లేదు. ఈ సంగతి వదిన ముందే కనిపెట్టింది. రోజూ బిందె పట్టుకుని రేవులోకి దిగే మనిషికి ఎన్ని మెట్లు బయటపడ్డాయో తెలుస్తుంది కదా.

ఆవిడ నా దగ్గరికొచ్చి, "వదినా, నాతో లాకుల దగ్గరికి వస్తావా? ఒక్కదాన్నీ వెళ్ళి అడగాలంటే బెరుగ్గా ఉంది" అంది. ఇద్దరం ఆటోలో వెళ్ళాం. కాలవ నీళ్ళు వదిలే లస్కరుతో మాట్లాడింది, ఇరిగేషన్ ఆఫీసులో గంటన్నర కూర్చుంది. అధికారి "మీ ఆయన్ని ఒకసారి ఫోన్ చెయ్యమనండి" అంటే, "ఆయన ఆసుపత్రిలో ఉన్నారండి, సర్పంచ్‌ని నేనే" అంది. ఆ మాట ఆవిడ నోటి వెంట వినడం నాకు అదే మొదటిసారి. తెల్లారేసరికి ముప్ఫై మందిమి బోదెలోకి దిగి గుర్రపుడెక్క లాగేశాం. కూలి బిల్లు పెట్టేటప్పుడు కీ తెప్పించుకుని, పాస్‌వర్డ్ అడిగి, తనే కొట్టింది. నాలుగో రోజుకి నీళ్ళు పై మెట్టుకి వచ్చాయి.

అన్నయ్య కోలుకుని ఇంటికొచ్చాక ఫోనూ, కీ మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళిపోయాయి. ఎవరూ లాక్కోలేదు, గొడవా జరగలేదు. అలా వెళ్ళిపోయాయి, అంతే. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల మీద రఘబేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2004లో అచ్చయింది. ఆడవాళ్ళకు రిజర్వ్ చేసిన పంచాయతీల్లో మంచినీళ్ళ పనులు ఎక్కువ జరిగాయని అందులో తేలింది. చదివినప్పుడు నాకేం ఆశ్చర్యం అనిపించలేదు. బిందె ఎవరు మోస్తారో నీళ్ళ బాధ వాళ్ళకే ముందు తెలుస్తుంది.

సీట్ల విషయంలో మనం వెనకబడి లేము. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకిచ్చింది. మన రాష్ట్రం దాన్ని సగం చేసింది. బంగ్లాదేశ్‌లో 1997 నుంచి ప్రతి యూనియన్ పరిషత్‌లో, అంటే మన పంచాయతీ లాంటి దాంట్లో, మూడు సీట్లకు ఆడవాళ్ళను ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు. గెలిచాక మాకంటూ పనీ, అధికారం సరిగా అప్పజెప్పడం లేదని అక్కడి ఆడవాళ్ళూ మొర పెట్టుకుంటున్నారు. ఆ మాట వింటే మా మండల మీటింగే గుర్తొస్తుంది. ముందు వరసలో భర్తలు, గోడవారగా సర్పంచ్‌లు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. మా ఊళ్ళోనూ షామియానా వేశారు. వదినకు మధ్యలో కుర్చీ వేశారు. మైకు మాత్రం సభ అయ్యేదాకా అన్నయ్య చేతిలోనే ఉంది.

భర్తల పెత్తనం విషయం 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తర్వాత కేంద్రం ఒక కమిటీ వేసింది, అది 2025లో నివేదిక ఇచ్చింది. పెత్తనం రుజువైతే కఠినమైన శిక్షలు ఉండాలని అందులో ఉంది. ఇక్కడే నాకు భయం. ఆ శిక్ష సర్పంచ్ పదవి మీద పడితే నష్టపోయేది ఆవిడే. ఇంట్లో నోరు మెదపలేని మనిషిని మీరూ శిక్షించినట్టవుతుంది. కుర్చీ వేసి భర్తను కూర్చోబెట్టిన అధికారిని అడగండి. ఆవిడ లేకుండానే ఆవిడ కీతో బిల్లు పెట్టించిన ఉద్యోగిని అడగండి.

రాబోయే ఎన్నికల్లో గెలిచే ఆడవాళ్ళకు కీ స్వయంగా వాళ్ళ చేతికే ఇప్పించండి. వాళ్ళ వేలిముద్ర పడితేనే బిల్లు కదిలేలా చేయించండి. రికార్డుల్లో ఉండే ఫోన్ నంబరు ఆవిడదే అయ్యుండాలి, ఆఫీసు ఫోన్లు ఆ నంబరుకే రావాలి. సామర్లకోటలో శిక్షణ కేంద్రం ఉంది, అక్కడ పాఠాలు చెప్పించండి. కానీ రెండు మూడు రోజుల క్లాసుతో అయ్యే పని కాదిది. మొదటి ఆరు నెలలు, నెలకొక రోజు, మండలంలోనే ఆడ సర్పంచ్‌లను ఒకచోట కూర్చోబెట్టి కంప్యూటర్ ముందు వాళ్ళ బిల్లులు వాళ్ళ చేతే చేయించండి. సంఘంలో అప్పులూ వడ్డీలూ పైసాతో సహా లెక్క కట్టే ఆడవాళ్ళం మేము. మాకు రాదని అనుకోకండి.

రాజ్యాంగ సభలో ఉన్న 15 మంది ఆడవాళ్ళలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు ఒకరు. ఆవిడ పుట్టింది రాజమండ్రిలో. ఆ గోదావరి నీళ్ళే ధవళేశ్వరం దాటి మా చెరువులోకి వస్తాయి.

ఒక్క పని వెంటనే చేయించండి. మీ ఆఫీసు నుంచి మా జిల్లాలోని ఆడ సర్పంచ్‌ల పేర్ల మీద రికార్డుల్లో ఉన్న నంబర్లకు ఒక రోజంతా ఫోన్లు చేయించండి. ఎత్తింది ఎవరో ప్రతి నంబరు పక్కనా రాయించండి. ఆ కాగితం మీరే స్వయంగా చూడండి.

ఇట్లు,
డ్వాక్రా సంఘం సభ్యురాలు,
కోనసీమ