సిబ్బంది సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏటా ఈ నివేదిక పదవీ విరమణ సన్మానాలతో మొదలై, కార్తిక వనభోజనాల మీదుగా లెక్కల దగ్గరకు వచ్చి ఆగుతుంది. ఈసారి ఆ వరుస పాటించడం లేదు. గత జూన్‌లో జరిగిన సర్వసభ్య సమావేశంలో మీరంతా చేతులెత్తి ఆమోదించిన తీర్మానం ప్రకారం, ఈ విద్యా సంవత్సరం సంఘం చేపట్టిన ప్రధాన కార్యక్రమం రొమ్ము క్యాన్సర్ అవగాహన, అందుకోసం నిధుల సేకరణ. ఉపాధ్యాయులు, ఆఫీసు సిబ్బంది, ఆయమ్మలు, డ్రైవర్లు, వాచ్‌మన్లు అందరూ సభ్యులుగా ఉన్న సంఘం మనది. సగానికి మించి ఆడవాళ్లే. బడిలో పిల్లలకు ఏటా కంటి పరీక్షలు, పంటి పరీక్షలు జరుగుతాయి. ఆ పిల్లలను వరుసలో నిలబెట్టే ఆయమ్మకు ఎవరు ఏ పరీక్ష చేశారని ప్రాథమిక విభాగం ఉపాధ్యాయిని ఒకరు ఆ సమావేశంలో అడిగారు. తీర్మానం పుట్టింది అక్కడే.

అక్టోబరు బదులు నవంబరు

ప్రపంచమంతటా అక్టోబరును రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసంగా పాటిస్తారు. 1985లో అమెరికాలో మొదలైన ఆనవాయితీ అది. మన తెలంగాణలో ఆ నెల సంగతి వేరు. 2024లో దసరా సెలవులు అక్టోబరు 2న మొదలై 14 వరకు ఉన్నాయి. 10న సద్దుల బతుకమ్మ, 12న దసరా, 31న దీపావళి. సగం మంది ఊళ్లకు వెళ్లి, ఉన్న సగం మంది పండుగ పనుల్లో మునిగి ఉండే నెలలో సదస్సు పెడితే అవగాహన కలిగేది కుర్చీలకే. అందుకే మన దేశంలో జాతీయ క్యాన్సర్ అవగాహన దినంగా జరిపే నవంబరు 7ను ఎంచుకున్నాం. అది మేరీ క్యూరీ పుట్టినరోజు కూడా కావడంతో ఆ ఉదయం ప్రార్థన సమావేశాన్ని సైన్స్ ఉపాధ్యాయులు తామే నడిపిస్తామని ముందుకు వచ్చారు.

రొమ్ము క్యాన్సర్ అవగాహనకు గుర్తయిన గులాబీ రంగు టీ-షర్టుల గురించి కార్యవర్గంలో జరిగిన చర్చను నమోదు చేయడం అవసరం. అందరూ ఒకే రంగు వేసుకుని ఫొటో దిగితే పని సగం అయిపోయినట్టేనని కొందరు గట్టిగా నమ్మారు. కోశాధికారి కోఠీలో ధర కనుక్కుని వచ్చి, టీ-షర్టులకయ్యే ఖర్చు, ఆసుపత్రికి వెళ్లే వారి ఆటో ఛార్జీలు ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి చూపించారు. ఆ కాగితం ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి చర్చ ముగిసింది. టీ-షర్టుల బదులు, బేగంబజార్ నుంచి తెచ్చిన శాటిన్ రిబ్బనును క్రాఫ్టు ఉపాధ్యాయిని ముక్కలు చేసి పిన్నులు గుచ్చి ఇచ్చారు. రిబ్బన్ల మీద పెట్టిన ఖర్చు అంతే.

నవంబరు 7 సదస్సు

ప్రభుత్వ వైద్యురాలు ఒకరు పారితోషికం తీసుకోకుండా వచ్చి మాట్లాడారు. తొలి పది నిమిషాలు అంకెలు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాది సుమారు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది, 98,000 మందికి పైగా దానితో చనిపోయారు. మన దేశ మహిళల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే. అంకెలు చెప్పినంతసేపూ సభ అంకెలు విన్నట్టే విన్నది.

తర్వాత ఆమె సంచిలోంచి సిలికాన్‌తో చేసిన రొమ్ము నమూనా తీశారు. లోపల వేర్వేరు లోతుల్లో గడ్డలు ఉంటాయి, మూడు వేళ్ల మెత్తలతో గుండ్రంగా నొక్కుతూ వెతకాలి. ఉపాధ్యాయినులు ముందు వరుస కాబట్టి వారి చేతికి ముందు వెళ్లింది. ఒకటో రెండో దొరికాయి. వెనక వరుసలో ఆయమ్మల దగ్గరకు వెళ్లాక కథ మారింది. ఏళ్ల తరబడి బియ్యంలో రాళ్లు ఏరిన వేళ్లకు గడ్డలు దాక్కోలేకపోయాయి. "ఇది శనగ గింజంత ఉంది మేడమ్, వేలు పెడితే జరుగుతోంది. ఇదిగో, ఇది మాత్రం కదలడం లేదు" అని ప్రాథమిక విభాగం ఆయమ్మ చెప్పినప్పుడు వైద్యురాలు మైకు ఆమెకే ఇచ్చేశారు. ఎక్కడ నొక్కితే ఎలా తెలుస్తోందో మిగతావారికి ఆమే చూపించారు. ఈ ఏడాది మన సంఘం నిర్వహించిన సభలన్నిటిలోకీ బాగా నడిచిన అరగంట అదే.

సదస్సుకు రాలేనివారి కోసం ముఖ్యాంశాలు ఇవి. గడ్డలన్నీ క్యాన్సర్ కావు, ఎక్కువ భాగం కావు కూడా. అయితే ఏ గడ్డనైనా తేల్చవలసింది వైద్యులే. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు, క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. చర్మం సొట్ట పడటం, నారింజ తొక్కలా గరుకుగా మారడం, చనుమొన లోపలికి లాక్కుపోవడం, దాని నుంచి రక్తం కారడం, చంకలో గడ్డ తగలడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు. మా వంశంలో ఎవరికీ లేదన్న ధీమా పనికిరాదు. వంశపారంపర్యంగా వచ్చే జన్యు లోపాల వల్ల కలిగేవి 5 నుంచి 10 శాతమే.

మగవారికి సదస్సుతో పనిలేదనుకుని కొందరు సార్లు తలుపు దగ్గరే నిలబడ్డారు. మగవారికి కూడా వస్తుందా అని డ్రైవర్లలో ఒకరు అడిగారు. వస్తుంది, నూరు రొమ్ము క్యాన్సర్లలో ఒకటి కన్నా తక్కువ అని వైద్యురాలు జవాబిచ్చాక తలుపు దగ్గరి వారు లోపలికి వచ్చి కూర్చున్నారు. ఇంటి ఆడవాళ్ల కోసం కూర్చోనివాళ్లు ఆ ఒక్క శాతం కోసం కూర్చున్నారని స్టాఫ్‌రూములో వచ్చిన వ్యాఖ్యను కార్యదర్శి ఖండించడం లేదు.

ఉచిత శిబిరాన్ని ఎందుకు కాదన్నాం

సదస్సు సంగతి తెలిసి ఒక ప్రైవేటు పరీక్షా కేంద్రం వారు బడి ఆవరణలో ఉచిత శిబిరం పెడతామని వచ్చారు. వివరాలు అడిగితే ఉచితమైనది ఒంటి వేడిని చూపే థర్మల్ కెమెరాతో తీసే ఫొటో. దాని వెంట తగ్గింపు ధరకు 'క్యాన్సర్ మార్కర్' రక్తపరీక్షల ప్యాకేజీ. వైద్యురాలిని సంప్రదించాం. థర్మల్ ఫొటో మామోగ్రాముకు (రొమ్ము ఎక్స్‌రేకు) ప్రత్యామ్నాయం కాదనీ, అలాంటి మార్కర్ పరీక్షలు ఏ లక్షణాలూ లేనివారిలో తొలిదశ క్యాన్సర్‌ను పట్టుకోవడానికి పనికిరావనీ ఆమె స్పష్టంగా చెప్పారు. శిబిరం వద్దని మర్యాదగా జవాబు రాశాం. ఉచితంగా వచ్చేదాన్ని కాదన్నారని అలిగిన సభ్యులకు ఇదే సమాధానం.

మరి ఏ పరీక్ష? ఇక్కడ ఆమె చెప్పిన ముంబై అధ్యయనం మా నిర్ణయాన్ని తేల్చింది. టాటా మెమోరియల్ కేంద్రం 1998లో మొదలుపెట్టి 20 ఏళ్లపాటు లక్షన్నర మందికి పైగా మహిళలను గమనించింది. వారిలో ఒక వర్గానికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో రొమ్ము పరీక్ష చేశారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం 50 ఏళ్లు దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్న వయసువారిలో అలాంటి తేడా కనిపించలేదు. యంత్రం అక్కరలేని పరీక్షతో ఇంత మేలు జరుగుతుందంటే మనకు కావలసింది శిబిరం కన్నా ముందు సమయమని అర్థమైంది. 30 ఏళ్లు దాటిన మహిళలకు ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలన్నది జాతీయ కార్యక్రమంలో ఉన్నదే, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో దీనికి డబ్బు కట్టనక్కరలేదు. అయితే అవి తెరిచి ఉండే వేళకు మనం బడిలో ఉంటాం.

సెలవు, తోడు, సబ్‌స్టిట్యూషన్

క్యాజువల్ లీవు పెట్టుకుని వెళ్లమని యాజమాన్యం మొదట అన్నది. పిల్లల జ్వరాలకు, చుట్టాల పెళ్లిళ్లకే సరిపోని లీవులను ఎవరూ ఒంట్లో బాగున్న రోజున తమ పరీక్షకు వాడరని కార్యవర్గం వాదించింది. రెండు దఫాల చర్చల తర్వాత, 30 ఏళ్లు దాటిన ప్రతి మహిళా సభ్యురాలికి ఏడాదికి ఒక పూట ఆన్‌డ్యూటీ ఇవ్వడానికి యాజమాన్యం ఒప్పుకుంది. వారికి కృతజ్ఞతలు. ఇది ఈ ఒక్క ఏడాదికేనా, శాశ్వతమా అన్నది ఇంకా రాతపూర్వకంగా రాలేదు. కార్యవర్గం దాన్ని వదిలిపెట్టదు.

నలుగురేసి చొప్పున వెళ్లారు. ప్రతి జట్టులో ఒక ఉపాధ్యాయిని, ఆయమ్మలు కలిసి ఉండేలా చూశాం. ఆసుపత్రిలో కాగితాలు చదివేవారు ఒకరు, వరుసలో నిలబడే ఓపిక ఉన్నవారు ఒకరు ఉంటే పని సులువు. వైద్యులు మరింత పరీక్ష అవసరమన్న వారిని లక్డీకాపూల్ దగ్గర రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకువెళ్లాం.

వీరు వెళ్లిన పూటల్లో సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లు మగ ఉపాధ్యాయులు తీసుకున్నారు. సబ్‌స్టిట్యూషన్ రిజిస్టరు స్టాఫ్‌రూములోకి వస్తుంటే అందరూ కాపీలు దిద్దుతున్నట్టు తల దించుకోవడం మన బడి సంప్రదాయం. ఈ ఏడాది వ్యాయామ ఉపాధ్యాయుడు, లెక్కల సార్లు అడగకుండానే సంతకం చేశారు. విరాళాల జాబితాలో వారి పేర్ల ఎదురుగా సొమ్ము తక్కువ కనిపించవచ్చు. ఈ పీరియడ్లను కూడా కలిపి చూడవలసిందిగా మనవి.

నిధుల సేకరణ

నవంబరు 14న బాలల దినోత్సవం నాడు మైదానంలో తినుబండారాల దుకాణాలు పెట్టాం. సర్వపిండి, గారెలు, మిరపకాయ బజ్జీలు, సకినాలు అన్నీ సిబ్బంది చేతివంట. సర్వపిండి మొదటి విరామానికే అయిపోయింది. అది వండిన ఆఫీసు మేడమ్ మధ్యాహ్నం మళ్లీ పిండి కలపవలసి వచ్చింది. సకినాలు మాత్రం మిగిలాయి, సంక్రాంతికి రెండు నెలల ముందు సకినాలకు గిరాకీ ఉండదని తెలిసింది. ఫిబ్రవరి 4న, ప్రపంచ క్యాన్సర్ దినం నాడు, పాత పుస్తకాల అమ్మకం జరిగింది.

పిల్లల చేతికి చందా డబ్బాలు ఇచ్చి ఇళ్ల మీదకు పంపడం వద్దని మొదటే నిర్ణయించాం, దానికే కట్టుబడ్డాం. తల్లిదండ్రులు ఇవ్వదలిస్తే దుకాణాల దగ్గర క్యూఆర్ కోడ్ పెట్టాం, నగదు ఇచ్చినవారికి రసీదు ఇచ్చాం.

కొందరు సభ్యులు ఆదాయపు పన్ను మినహాయింపు గురించి అడిగారు. మన సంఘానికి 80జి గుర్తింపు లేదు. మినహాయింపు కావలసినవారు ఆ గుర్తింపు ఉన్న ఆసుపత్రి ట్రస్టులకు నేరుగా ఇవ్వడం మంచిది. అప్పుడు కూడా 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి 80జి వర్తించదని కోశాధికారి చెప్పగానే ఈ ప్రశ్న అడిగినవారిలో చాలామంది కూర్చున్నారు.

సొమ్ము ఎటు వెళ్లింది

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు కదా, ఇక మన సహాయం ఎందుకన్న ప్రశ్న వచ్చింది. జవాబు మన మధ్యే ఉంది. మన బస్సు ఆయమ్మల్లో ఒకరికి నవంబరు పరీక్షలో గడ్డ బయటపడింది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాం. పేరు తెలియనివారు అడగవద్దు, తెలిసినవారు చెప్పవద్దు. గడ్డ నుంచి ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్షలో క్యాన్సర్ అని తేలింది, డిసెంబరులో శస్త్రచికిత్స జరిగింది, వేసవి దాకా కీమోథెరపీ నడిచింది, ఇప్పుడు రేడియేషన్ సాగుతోంది. చికిత్సకు ఆరోగ్యశ్రీ ఆదుకుంది. దాని లెక్కలోకి రానివి వేరే ఉన్నాయి. రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజులు, కొన్ని వారాలపాటు. వెళ్లేటప్పుడు ఆర్టీసీ బస్సులో ఆమెకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టే, వెంట వచ్చే భర్తకు మాత్రం టికెట్టు. కీమో ఎక్కిన రోజున బస్సులో నిలబడి రాలేరు, ఆటో కావాలి. ఆయనది రోజు కూలీ, తోడు వచ్చిన రోజున కూలీ లేదు. మధ్యాహ్నం ఇద్దరి భోజనం, గుడ్లు, పండ్లు.

సంఘం నిధి ఈ ఖర్చులకే వెళ్లింది. ఆమెతో పాటు సభ్యుల కుటుంబాల్లో చికిత్స పొందుతున్న మరికొందరికి కూడా. ఎవరికి ఎంత ఇచ్చామన్నది పేర్లు లేకుండా, ఆడిట్ అయిన పట్టికలో ఉంటుంది. అది సమావేశంలో మీ చేతికి అందుతుంది.

ఫిబ్రవరిలో బడి వార్షికోత్సవానికి ఆమె తలకు స్కార్ఫు కట్టుకుని వచ్చారు. జుట్టు ఏమైందని రెండో తరగతి పాప సూటిగా అడిగేసింది. "సెలవు పెట్టి ఊరికి పోయింది బిడ్డా, నాకన్నా ముందే వస్తుంది చూడు" అన్నారామె. చుట్టూ ఉన్న పెద్దవాళ్లు చూపు ఎటు తిప్పాలో తెలియక నిలబడ్డారు. పాప మాత్రం సరేనని వెళ్లి ఆడుకుంది. శస్త్రచికిత్సలో చంకలోని శోషరస గ్రంథులు తీసినందువల్ల ఆమెకు ఆ వైపు చేయి వాచే అవకాశం ఉంటుంది. యూకేజీ పిల్లలను ఎత్తి బస్సు ఎక్కించే పని ఇప్పట్లో కుదరదు. జీతం తగ్గకుండా గ్రంథాలయంలో బాధ్యత ఇవ్వాలని యాజమాన్యాన్ని కోరాం, అంగీకరించారు.

ఇతర కార్యక్రమాలు

ముగ్గురు సభ్యులు పదవీ విరమణ చేశారు, సన్మానాలు యథావిధిగా జరిగాయి. కార్తిక వనభోజనాలకు కీసరగుట్ట వెళ్లాం, ఎండ ఎక్కువ, ఉప్పు తక్కువ. స్టాఫ్‌రూము నీటి ఫిల్టరు మార్చాం.

వచ్చే ఏడాదికి ప్రతిపాదనలు

మహిళా సభ్యుల ఆన్‌డ్యూటీ పూటను శాశ్వతం చేయాలని యాజమాన్యాన్ని కోరుతూ తీర్మానం. తల్లిదండ్రుల సమావేశం రోజున అమ్మల కోసం అదే సదస్సు, ఈసారి నమూనాను వెంట పెట్టుకుని వివరించే బాధ్యత మన ఆయమ్మలదే. వైద్యురాలు శిక్షణ ఇవ్వడానికి ఒప్పుకున్నారు. సహాయ నిధికి నెలకు 50 రూపాయల చందాను జీతం నుంచి మినహాయించే విషయంలో అభ్యంతరం ఉన్నవారు సమావేశానికి ముందే కోశాధికారికి రాసి ఇవ్వాలి. అక్కడికి వచ్చి గట్టిగా మాట్లాడి, తర్వాత సంతకం పెట్టే పద్ధతి వల్ల టీ చల్లారిపోతోంది.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి