నవలల అరల్లో రంగు గుర్తులు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

గ్రంథాలయాల్లో పుస్తకాలను అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో తెలుగు నవలలన్నీ 894.8273 కిందికే వస్తాయి. దాంతో శాఖా గ్రంథాలయాల్లో హాస్యం, అపరాధ పరిశోధన, చారిత్రకం ఒకే అరలో కలిసిపోతున్నాయి. ఆసుపత్రిలో రోగికి తోడున్న మనిషికి తేలిగ్గా సాగే హాస్యం కావాలి. పోటీ పరీక్షల ఒత్తిడిలో ఉన్న కుర్రాడికి కాసేపు అన్నీ మరిపించే డిటెక్టివ్ నవల కావాలి. అరంతా వెతికే ఓపిక ఇద్దరికీ ఉండదు.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పుస్తకం వెన్ను మీద, నంబరు చీటీకి పైన, రకానికో రంగు చొప్పున, వేలెడు వెడల్పు రంగు చీటీ అంటించి, పైన పారదర్శక టేపు వేయాలి. టేపు లేకపోతే చేతి చెమటకు అంచులు లేచి కొన్నాళ్లకే ఊడిపోతుంది. కిటికీ ఎండకు రంగు వెలిసిపోతుంది కాబట్టి ‘హా’, ‘అ’, ‘చా’ అని అక్షరం కూడా రాయాలి. రెండు రకాలకూ చెందే నవలకు రెండు చీటీలు వద్దు. కథను నడిపించేది ఏదో చూసి ఒక్కటే అంటించాలి.

పాఠకులకూ ఒక మాట. రెండు పుస్తకాలు తీసుకుంటే ఒకటి అలవాటైన రకం, రెండోది ఎప్పుడూ ముట్టని రకం తీసుకోండి. పది పేజీలకే మూసేయకండి. చారిత్రక నవలల్లో పాత్రల పేర్లు, బంధుత్వాలు మనసులో కుదురుకోవడానికే ముప్పై నలభై పేజీలు పడుతుంది.

ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. జిల్లా గ్రంథాలయ సంస్థలు అందులోంచి ఈ చీటీలకు కాస్త కేటాయించాలి.

– గ్రంథాలయ పాఠకులు, తెనాలి