కృప దొరికింది సరే, తీసుకున్నది తిరిగిచ్చామా?

సంపాదకులకు నమస్కారం.

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా, ఆదివారాలు తీసేస్తే 40 రోజులు. ఈ శ్రమల దినాల్లో మన సంఘాల్లో ఉపవాసాలుంటాం, కృప గురించి వింటాం, కన్నీళ్లతో ప్రార్థిస్తాం. కానీ ఒకరి దగ్గర అన్యాయంగా తీసుకున్నది వాళ్లకు తిరిగివ్వాలన్న మాట ప్రసంగాల్లో అరుదైపోయింది. దాని గురించే ఈ ఉత్తరం.

యేసును చూడాలని మేడిచెట్టెక్కిన పన్ను వసూలుదారు జక్కయ్య కథ ఆదివారపు బడి పిల్లలందరికీ వచ్చు. వాళ్లు మేడిచెట్టు బొమ్మకు రంగులు వేస్తారు. పెద్దలం కూడా ఆ చెట్టు దగ్గరే ఆగిపోతున్నాం. బైబిల్లో లూకా 19లో వరస చూడండి. జక్కయ్య ఒక్క కాసు తిరిగివ్వకముందే యేసు అతని ఇంటికి వస్తానన్నాడు. అంటే తిరిగివ్వడం క్షమాపణకు కట్టే వెల కాదు. క్షమాపణ ముందే వచ్చింది, డబ్బు దాని వెనక కదిలింది. ఎంత కదిలిందో కూడా లెక్క ఉంది: అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. లేవీయకాండం 6, సంఖ్యాకాండం 5 ప్రకారం తప్పు ఒప్పుకున్నవాడు అసలు మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలి: పదివేలు తీసుకుంటే పన్నెండు వేలు. నాలుగంతలు అనేది నిర్గమకాండం 22లో గొర్రెను దొంగిలించి కోసుకున్నవాడికో, అమ్ముకున్నవాడికో వేసే శిక్ష. జక్కయ్యను ఎవరూ పట్టుకోలేదు, పంచాయితీ పెట్టలేదు. దొంగకు వేసే లెక్క తనకు తానే వేసుకున్నాడు. కృప ముట్టిన మనిషి ఇలా ఉంటాడు.

లేవీయకాండం అదే చోట ఇంకో సంగతి చెబుతుంది. సొమ్ము సొంతదారుకు చేరాలి, తప్పుకు బలిగా పొట్టేలు యాజకుడి (పూజారి) దగ్గరికి వెళ్లాలి. ఒకటి చేస్తే రెండోది మాఫీ కాదు. మన దగ్గర తప్పేది ఇక్కడే. పొరుగువాడి గట్టు జరిపి కలుపుకున్న సెంటు భూమి అలాగే ఉంటుంది, గుడికి మాత్రం ఫ్యాను కొనిస్తాం. చిట్టీలో ముంచిన డబ్బు ముంచినట్టే ఉంటుంది, గుడికిచ్చే దశమభాగం (రాబడిలో పదో వంతు) మాత్రం తప్పదు. పాస్టర్లు ఆ కానుక తీసుకునే ముందు ఒక్క మాట అడగాలి.

తిరిగివ్వాలనుకునేవాళ్లు ముందు కాగితం మీద రాసుకోవాలి: ఎవరికి, ఏమిటి, ఎంత. వెళ్లి చెప్పేది రెండు వాక్యాలు దాటకూడదు. 'ఫలానాది తీసుకున్నాను, తప్పు చేశాను, ఇదిగో' అంటే చాలు. 'అప్పుడు నా పరిస్థితి అలాంటిది' అని కలిపితే ఒప్పుకోలు కాస్తా సంజాయిషీ అయిపోతుంది. ఒకేసారి ఇవ్వలేకపోతే నెలనెలా ఎంతో, ఏ తారీఖుకో చెప్పి దానికి నిలబడాలి. సొంతదారు చనిపోతే దగ్గరి బంధువుకు, బంధువు కూడా లేకపోతేనే యాజకుడికి అని సంఖ్యాకాండం 5 చెబుతుంది. గుడి వంతు చివరిదన్నమాట. ఇదంతా వదిలేసి మైకులో సాక్ష్యం చెబితే సంఘం హల్లెలూయ అంటుంది, నష్టపోయినవాడికి కబురు కూడా అందదు.

కట్నం సంగతి కూడా చెప్పాలి. ప్రార్థన చేసి పెళ్లి కుదుర్చుకుంటాం, ఆ ప్రార్థన అయ్యాకే ఎంతిస్తారని అడుగుతాం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలో ఆరో సెక్షన్ ఉంది. పెళ్లికూతురు కాక ఇంకెవరు కట్నం పుచ్చుకున్నా, పుచ్చుకున్న మూడు నెలల్లోగా అది ఆమెకు అప్పగించాలి. పెళ్లికి ముందే పుచ్చుకుంటే పెళ్లి తేదీ నుంచి మూడు నెలలు. పుచ్చుకోవడం నేరమే, అట్టిపెట్టుకోవడం కూడా నేరమే. రక్షణ పొందామని చెప్పే అత్తమామలు జక్కయ్య వెనక నడవాలంటే మొదటి అడుగు కోడలి బ్యాంకు ఖాతాలో పడాలి.

అయితే అన్ని పాపాలకూ ఇదే దారి కాదు. ఒకరి శరీరాన్నో మనసునో గాయపరిచినవాళ్లు క్షమాపణ కోసమంటూ నేరుగా వాళ్ల గుమ్మంలో నిలబడకూడదు. పాత గాయం మళ్లీ రేగుతుంది. కలవడం వాళ్లకు ఇష్టమో కాదో నమ్మకమైన పెద్ద ద్వారా ముందు కనుక్కోవాలి, వద్దంటే ఆగిపోవాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరమైతే సంఘ పెద్దలు కూర్చుని 'క్షమించేశాం' అనే అధికారం లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, దాస్తే వారికీ శిక్ష పడుతుంది. కృప పేరు చెప్పి అలాంటివాడిని కాపాడడం ఆ బిడ్డకు రెండోసారి ద్రోహం చేయడమే.

'కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా?' అని రోమా 6లో పౌలు అడిగాడు. మనం ఆ మాట బాప్తిస్మం రోజున చదివి వదిలేస్తున్నాం.

పాస్టర్లకు మా విన్నపం ఒక్కటే. సహోదరునికి నీ మీద ఏమైనా ఉందని జ్ఞాపకం వస్తే అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి 5లో ఉంది. ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) ఇచ్చే రోజునే ఈ మాట చదివితే లేచి వెళ్లి రావడానికి వ్యవధి ఎక్కడిది? వారం ముందు ఆదివారమే చదివి వినిపించండి. మధ్యలో ఆరు రోజులుంటాయి.

– ఆదివారపు బడి ఉపాధ్యాయులు, గుంటూరు జిల్లా