ఆ డాబాలు, ఆ జాడీలు

సంపాదకులకు నమస్కారం. ఎండల వార్తలు చదువుతుంటే మా నూజివీడు గుర్తొస్తోంది. 1980ల్లో వేసవి సెలవులంటే మాకు చిన్నరసాల మామిడిపళ్లే, బకెట్ నీళ్లలో వేసుంచి, మెత్తగా పిసికి, తొడిమ దగ్గర కొరికి జుర్రుకునేవాళ్లం, బట్టలన్నీ మరకలు. మా వీధి మొత్తానికీ ఆవకాయ కత్తిపీట ఒక్క ఇంట్లోనే ఉండేది. టెంకతో సహా ముక్క కొట్టాలి కదా, అందరి కాయలూ పక్కింటి బాబాయిగారే కొట్టిపెట్టేవారు. ఆవపిండి, కారం, నూనె అంటిన బేసిన్‌లోనే పిన్నిగారు వేడన్నం కలిపి వీధి పిల్లలందరికీ ముద్దలు పెట్టేవారు. రాత్రి డాబా మీద నీళ్లు చల్లి చాపలు పరిస్తే, ఎవరి పిల్లలు ఎవరి పక్కన పడుకున్నారో ఎవరూ అడిగేవారు కాదు.

మొన్న వెళ్తే గేట్లన్నీ వేసే ఉన్నాయి. చాలా బాధేసింది. ఈ సెలవుల్లోనైనా పిల్లల చేతికి ఒక గిన్నె ఆవకాయ ఇచ్చి పక్కింటికి పంపండి.

– ఒక పాఠకురాలు, విజయవాడ