విద్యాశాఖ మంత్రి గారికి: పొద్దున్న ఖాళీ కడుపుతో అక్షరాలు ఎక్కవండి

మంత్రి గారూ, నమస్కారం.

పలాస దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులకి పాఠాలు చెప్తాను. మా పిల్లల తల్లుల్లో చాలామంది జీడిపిక్కల పనికి పోతారు, తెల్లారకముందే బయల్దేరాలి. కొందరి అమ్మానాన్నలు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో బిల్డింగ్ పనుల్లో ఉంటే పిల్లలు ముసలి అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. "పొద్దున్న ఏటి తిన్నావమ్మా?" అని అడిగితే సగం మంది చెప్పేది ఒకటే మాట, టీలో బిస్కెట్.

రెండో తరగతిలో ఒక పాప ఉంది. పది దాటేసరికి పలక మీద తల పెట్టేస్తుంది. పన్నెండులోంచి ఏడు తియ్యమంటే వేళ్లు లెక్కపెడుతూ మధ్యలో మర్చిపోయి మళ్లీ మొదలుపెడుతుంది, నాలుగోసారి కళ్లలో నీళ్లు. మందబుద్ధి అనుకుని చాలా రోజులు నేనే కోప్పడ్డాను, అది తల్చుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్నం అన్నం, గుడ్డు తిన్నాక అదే లెక్క ఇచ్చాను. టకటకా చేసేసి ఇంకోటి ఇమ్మంది.

రాత్రి ఏడింటికి తిన్న పిల్ల మళ్లీ సరిగ్గా తినేది మధ్యాహ్నం పన్నెండుకి. 17 గంటలు! ఈ వయసులో ఒంట్లో శక్తిలో పెద్ద వాటా మెదడుకే పోతుంది. చదవడం, కూడడం వచ్చేదీ ఈ రెండు మూడేళ్లలోనే, ఇక్కడ వెనకబడితే అయిదో తరగతికొచ్చినా కూడబలుక్కుంటూనే ఉంటారు.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో బడిలో వండిన అన్నం పిల్లల హక్కయింది. ప్రాథమిక తరగతులకి రోజుకి 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ అని లెక్క కూడా ఉంది. మంచిదే, కానీ ఆ పళ్లెం వచ్చేసరికి పొద్దుటి పాఠాలన్నీ అయిపోతాయి. బడిలో టిఫిన్ కూడా పెట్టాలని 2020 జాతీయ విద్యావిధానంలోనే రాశారు. పక్కనున్న తమిళనాడు 2022 సెప్టెంబరులో మొదలుపెట్టి ఉప్మా, పొంగలి పెడుతోంది.

మన మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలితో గుమ్మంలోకొచ్చినవాళ్లకి ఆ తల్లి వేళ చూడకుండా వండి పెట్టింది. మనం పన్నెండు దాకా ఆగమంటున్నాం.

టిఫిన్‌కి టైమ్ పడుతుందంటే ముందు ఇదొక్కటి చెయ్యండి. వారానికి మూడు రోజులిచ్చే రాగిజావ ఆరు రోజులూ ఇవ్వండి, అదీ మొదటి పీరియడ్‌కి ముందే. మా వైపు చోడంబలి, అంటే రాగి అంబలి, తాగి పెరిగినవాళ్లమే అందరం, పిల్లలు వద్దనరు. వంట చేసే అక్కలు పొద్దున్నే రావాలి కాబట్టి నెలకిచ్చే 3000 రూపాయలు పెంచి మరీ రమ్మనండి, ఊరికే పని నెత్తినెయ్యకండి. బెల్లం, పిండి నెల మొదట్లోనే బడికి చేరాలి.

జూన్‌లో బడి తెరిచేలోపు ఈ జీవో ఇవ్వండి సార్.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక టీచరు