కొనే ముందు చొక్కాను తిరగేసి చూడండి

సంపాదకులకు నమస్కారం.

పర్యావరణానికి మేలు చేసే దుస్తులంటూ ఆకు బొమ్మ ముద్రించిన చీటీలు ఈ మధ్య దుకాణాల్లో విరివిగా కనిపిస్తున్నాయి. ఆ బొమ్మను నమ్మడం కంటే చొక్కాను తిరగేసి లోపలి కుట్టు చూడడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం. కుట్లు దగ్గర దగ్గరగా పడ్డాయా, అంచుల్లో దారాలు వేలాడుతున్నాయా, అవసరమైతే వదులు చేసుకోవడానికి లోపల కాస్త గుడ్డ వదిలారా, వెలుతురుకు పట్టుకుంటే నేత మరీ పలచగా ఉందా అన్నవి అర నిమిషంలో తేలిపోతాయి.

ఒక నూలు టీషర్టుకు, పత్తి సాగుతో కలిపి, సుమారు 2,700 లీటర్ల నీరు పడుతుందని అంచనా. పాలిస్టర్ పెట్రోలియం నుంచి వస్తుంది. పైగా ఉతికిన ప్రతిసారీ కంటికి ఆనని ప్లాస్టిక్ పోగులను నీటిలోకి వదులుతుంది. రెండూ కలిపి నేసిన బట్టనైతే మళ్లీ పోగులుగా విడదీయడం మరీ కష్టం. అందుచేత ఏ గుడ్డ మంచిదన్న వాదన కంటే, కొన్నదాన్ని ఎన్నాళ్లు తొడుగుతామన్నదే నాకు అసలు ప్రశ్నగా తోస్తుంది.

గుండీ ఊడిందని నేనే ఒక చొక్కాను ఏడాదిపాటు బీరువా అడుగున పడేసి, ఈలోగా కొత్తవి రెండు కొన్నాను (చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది). మొన్న ఆ గుండీ కుట్టడానికి పట్టింది ఐదు నిమిషాలు.

కొత్త ఫ్యాషన్లకు మీరు కేటాయించే పేజీలో చినిగిన జేబు, మొరాయించే జిప్పు బాగుచేసుకునే పద్ధతులకు కూడా వారానికొకసారి కొంత చోటివ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు