సగం కథైతే టికెట్ మీద ఆ మాట వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఆ మధ్య ఒక ఆదివారం మా అత్తగారిని తీసుకుని ఇంటిల్లిపాదీ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమాకు వెళ్లాం. మూడు గంటలు కదలకుండా చూశారావిడ. హీరో తండ్రిని చంపిందెవరో తెలియబోయే సమయానికి తెర నల్లబడి, మిగతాది రెండో భాగంలో అని అక్షరాలు పడ్డాయి. లైట్లు వెలిగినా ఆవిడ సీట్లోంచి లేవలేదు. "కరెంటు పోయిందేమో, ఉండు, మళ్లీ వేస్తారు" అన్నారు. మెట్లు దిగుతూ సంగతి చెబితే, "అది వచ్చేదాకా నేనుండాలిగా" అన్నారు. ఆవిడకు 78 ఏళ్లు.

ఫోన్‌లో టికెట్లు కొన్నది నేనే. ఇది సగం కథ అని అక్కడ ఎక్కడా లేదు.

సీక్వెల్స్ తీయొద్దని నేననను. నచ్చిన మనుషుల్ని మళ్లీ చూడాలని ఎవరికుండదు? మా అత్తగారి పుట్టిల్లు తెనాలి దగ్గర పల్లెటూరు. శ్రీరామనవమి పందిట్లో తొమ్మిది రాత్రులు హరికథగా రామాయణం చెప్పేవారట. సీతాకల్యాణం నాడు తాళి కట్టాకే దాసుగారు మంగళం పాడేవారు. భరతుడి కథ నాడు పాదుకలు అయోధ్య దారి పట్టాకే హారతి. రాముడు విల్లు ఎత్తగానే ఆపేసి, మిగతాది రేపు రమ్మన్న దాసుగారు ఒక్కరూ లేరంటారావిడ. అయినా మర్నాడు పందిరి నిండేది. అందరికీ తెలిసిన కథే. చెప్పిన తీరు బాగుందని, ఆ మనుషులు మనవాళ్లనిపించారని వచ్చేవారు.

మరి బాహుబలి ప్రశ్నతోనే ఆగిందిగా అని అడిగేవాళ్లుంటారు. 2015 జులైలో ఆగిన ఆ మొదటి భాగం అప్పటికే చాలా ముగించింది. శివుడు జలపాతం ఎక్కాడు, దేవసేన సంకెళ్లు తెగాయి, కాలకేయులతో యుద్ధం తేలిపోయింది. జనం ఒక గెలుపు చూసి, దానిపైన బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నను మూటగట్టుకుని ఇంటికెళ్లారు. 2017 ఏప్రిల్ 28న దొరికిన జవాబు కూడా అప్పటికప్పుడు తెచ్చి అతికించినట్టు అనిపించలేదు. కట్టప్ప సింహాసనానికి కట్టుబడిన బానిస అని ముందే చూశాం. శివగామి ఆజ్ఞాపిస్తే అతను ఇంకేం చేయగలడు? జవాబు ఆ మనిషిలోనే ఉంది.

కార్తికేయ ఇంకో దారి పట్టింది. మొదటిది 2014లో, రెండోది 2022లో వచ్చాయి. అప్పటి వైద్య విద్యార్థి ఇప్పుడు డాక్టరయ్యాడు, అంతు తేలేదాకా నిద్రపోని గుణం మాత్రం అలాగే ఉంది. సుబ్రహ్మణ్యపురం గుడి రహస్యం అక్కడే తేలిపోయింది, ద్వారక కథ వేరు. మా అబ్బాయి ముందు రెండోదే చూశాడు. ఎక్కడా తికమకపడలేదు. తర్వాత తనే మొదటిది వెతుక్కుని చూశాడు.

పేరు పక్కన 2 అంకె వేసి, అప్పుడు నవ్వించిన డైలాగునే మళ్లీ చెప్పించి, ఫైట్ ఇంకాస్త పెద్దది చేస్తే సరిపోదు. మొదటి కథలో జరిగింది ఆ మనిషికి గుర్తుండాలి. తమ్ముణ్ని పోగొట్టుకున్నవాడు రెండో భాగంలో రాగానే పాటకు గంతులేస్తే, అప్పుడు మనం పెట్టుకున్న కన్నీళ్లకు విలువేముంది?

ఒకరు వదిలిన కథను ఇంకొకరు అందుకోవాలంటే మన భాషలో ఎర్రన ఉన్నారు. 11వ శతాబ్దంలో నన్నయ గంటం అరణ్యపర్వం మధ్యలో, శరద్రాత్రుల వర్ణన దగ్గర ఆగింది. తిక్కన విరాటపర్వం నుంచి మొదలుపెట్టారు. ఆ నడుమ మిగిలినదాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించి, నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చారు. తన పేరు ముందుకు తోసుకోలేదు. హిట్ సినిమాకు రెండో భాగం రాసేవాళ్లు ఆ వినయాన్ని ఒక్కసారి తలుచుకోవాలని నా కోరిక.

ఫిల్మ్ ఛాంబర్ పెద్దలకూ నిర్మాతలకూ నా విన్నపం ఇది. కథ సగమే అయితే పోస్టర్ మీద, టికెట్ మీద, బుకింగ్ యాప్‌లో "మొదటి భాగం" అని హీరో పేరంత పెద్దగా వేయండి. వారపత్రికల్లో సీరియల్స్ చదివినవాళ్లం మేం. పైన సీరియల్ అని ఉండేది, చివర సశేషం అని ఉండేది, వచ్చే వారం పత్రిక చేతికొచ్చేది. సినిమాకు వచ్చే వారం ఉండదు. రెండేళ్లో మూడేళ్లో పడుతుంది, ఒక్కోసారి ఆ రెండో భాగం రానే రాదు. దాని రాత పూర్తికాకుండా మొదటిదాన్ని నడిమధ్యలో కోసి విడుదల చేయకండి. విడుదలైన వారంలో పెంచిన రేట్లకు నలుగురం వెళ్లొస్తే పాప్‌కార్న్, పార్కింగ్‌తో కలిపి మా ఇంటి నెల పాల ఖర్చంత అవుతోంది. ఆ డబ్బుకు ఒక పూర్తి కథ అడుగుతున్నాం.

హీరో తండ్రిని చంపిందెవరని మా అత్తగారు ఇప్పటికీ మా అబ్బాయిని అడుగుతున్నారు. వాడేం చెబుతాడు?

– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి, హైదరాబాద్